వయసు మళ్ళిన దేశంలో పారిశ్రామిక సాహసం – జపాన్ అనుభవం

దేశానికి వయసు ఉంటుందా అని ఎవరైనా అడిగితే ఉంటుందనే చెప్పాలి. ఒక దేశపు జనాన్నంతటినీ వయసు వరుసలో నిలబెట్టి, సరిగ్గా నడిమధ్యన నిలిచిన మనిషి వయసు ఎంతో చూస్తే, ఆ సంఖ్యయే ఆ దేశపు వయసు. శాస్త్రజ్ఞులు దీనిని మధ్యస్థ వయసు అంటారు. జపాన్ దేశంలో 1950 ప్రాంతాన ఆ నడిమి మనిషికి సుమారు 22 సంవత్సరాలు. మన కళాశాల నుండి పట్టా పుచ్చుకొని వెళ్ళే విద్యార్థి వయసది. నేడు అదే దేశంలో ఆ నడిమి మనిషి వయసు 49కి అటూ ఇటూగా ఉన్నది. అతడు మన అధ్యాపకులలో చాలామందికన్న పెద్దవాడు. ఒక మనిషి జీవితకాలం గడిచేలోగా ఒక దేశం విద్యార్థి వయసు నుండి అధ్యాపకుని వయసుకు చేరుకున్నదన్నమాట.

1970లో జపాన్ జనాభాలో 65 ఏళ్ళు నిండినవారు నూటికి 7గురు. 1994 నాటికి వారు 14గురు అయినారు. ఇప్పుడు 29కి పైగా ఉన్నారు. 2024లో జపాను తల్లిదండ్రులకు పుట్టిన బిడ్డలు 7 లక్షలకు లోపే. పని చేయగల వయసులోని వారు, అనగా 15 మొదలు 64 ఏళ్ళ వరకు గలవారు, 1995లో సుమారు 8 కోట్ల 70 లక్షలు ఉండగా, నేడు సుమారు 7 కోట్ల 40 లక్షలకు తగ్గిపోయినారు. ఆర్థిక ప్రగతి కూడా దీనికి తగినట్లే నత్తనడక నడిచింది. 1989 డిసెంబరు చివర టోక్యో షేర్ల మార్కెట్టు సూచి నిక్కీ అందుకున్న శిఖరాన్ని మరల దాటడానికి 2024 ఫిబ్రవరి దాకా ఆగవలసి వచ్చింది. ప్రపంచంలో రెండవ పెద్ద ఆర్థిక వ్యవస్థ అన్న స్థానాన్ని ఆ దేశం 2010లో చైనాకు, మూడవ స్థానాన్ని 2023లో జర్మనీకి వదలుకున్నది. ఉన్న నూరు వ్యాపార సంస్థలకు ఏటా కొత్తగా పుట్టేవి బ్రిటన్, అమెరికాలలో పది దరిదాపుల్లో ఉంటే, జపాన్‌లో నాలుగైదుకు మించడం లేదు.

దీనికి పలువురు చెప్పే కారణం చాలా సులభమైనది. ముసలి దేశంలో సాహసం పుట్టదు. అక్కడి యువకులు సుఖానికి అలవాటు పడి ధైర్యం కోల్పోయినారు. ఇక అది తిరిగి రాదు అంటారు. ఈ మాట వినడానికి నిజంలా తోస్తుంది గాని, పరిశీలించి చూస్తే నిలబడదు. ధైర్యం గాలిలో నుండి ఊడిపడదు, గాలిలో కలిసిపోదు. ఒక యువకుడు కొత్త పనికి పూనుకోవాలంటే అతనికి ముందుగా బాధ్యత మోసిన అనుభవం ఉండాలి, చేతిలో కొంత పెట్టుబడి ఉండాలి, పొరపాటున పడిపోతే లేచి నిలబడే వీలుండాలి. వయసు మళ్ళిన సమాజంలో ఈ మూడూ పెద్దల అధీనంలోకి పోతాయి. పెద్దలు వాటిని వదలనంత కాలం పిల్లల పిరికితనాన్ని నిందించడం న్యాయం కాదని నా అభిప్రాయం. జపాన్ చరిత్రే ఇందుకు సాక్ష్యం.

శిథిలాల మధ్య మొలకలు

1945లో జపాన్ నగరాలు బూడిద కుప్పలు. పరిశ్రమలు నేలమట్టమైనవి. అయినా సరిగ్గా ఆ మరుసటి సంవత్సరమే, లోకమంతటికీ పేరు తెలిసిన రెండు సంస్థలకు బీజం పడింది. కమ్మరి కుమారుడైన సోయిచిరో హోండా 1946లో హమమాత్సు పట్టణంలో ఒక చిన్న పరిశోధనశాల పెట్టి, సైన్యం వదలిపోయిన చిన్న ఇంజన్లను సైకిళ్ళకు బిగించి అమ్మడం మొదలుపెట్టాడు. 1948లో అది హోండా మోటారు కంపెనీ అయింది. అదే 1946లో 38 ఏళ్ళ మసారు ఇబుకా, 25 ఏళ్ళ అకియో మోరిటా కలిసి టోక్యోలో సుమారు ఇరవై మందితో, 1,90,000 యెన్‌ల మూలధనంతో ఒక కంపెనీ స్థాపించారు. దానినే నేడు సోనీ అంటున్నాము. వారు తలపెట్టిన తొలి వస్తువులలో ఒకటైన, కరెంటుతో అన్నం వండే కుక్కర్ సరిగా పనిచేయక మూలపడింది. 1950లో టేపు రికార్డరు, 1955లో ట్రాన్సిస్టరు రేడియో వచ్చాక గాని వారి పేరు నలుగురి నోట పడలేదు.

ఆనాటి యువకులు నేటి యువకులకన్న వేరే మట్టితో చేయబడినవారా? కాదు. వారి ముందు దారి తెరుచుకొని ఉన్నది. మిత్రరాజ్యాల ఆక్రమణ ప్రభుత్వం మిత్సుయి, మిత్సుబిషి, సుమిటోమో, యసుదా వంటి మహా వ్యాపార కుటుంబాల ఆధిపత్యాన్ని విడగొట్టింది. యుద్ధకాలపు కంపెనీ అధిపతులను పదవుల నుండి తొలగించింది. పైమెట్ల మీద కూర్చున్నవారు ఒక్కసారిగా లేచిపోవడంతో, క్రిందిమెట్లలోని నడివయసు వారు, యువకులు పైకి రావలసి వచ్చింది. అది కోరి తెచ్చుకున్న సంస్కరణ కాదు, ఓటమి వలన వచ్చిపడిన అవకాశం. అయినా దాని ఫలితం మాత్రం గొప్పది.

పెద్దల సహకారం కూడా లేకపోలేదు. మోరిటా నాగోయా ప్రాంతంలో తరతరాలుగా బియ్యపు సారా తయారుచేసే వంశంలో జ్యేష్ఠ పుత్రుడు. ఆ దేశాచారం ప్రకారం వంశవృత్తి అతనిదే. అయినా తండ్రి అతన్ని కట్టివేయలేదు. కొత్త పనికి పోనిచ్చాడు. కంపెనీకి డబ్బు అవసరమైనప్పుడు అప్పు కూడా ఇచ్చాడు. ఆ తండ్రి తన దుకాణానికి వారసుణ్ణి కోల్పోయాడు. దేశానికి సోనీ లభించింది.

కుర్చీ ఖాళీ కాని చోట

యుద్ధానంతరం చేరిన ఆ యువకులే క్రమంగా పెద్దవారైనారు. వారు కట్టిన పెద్ద కంపెనీలలో జీవితకాలపు ఉద్యోగం, సర్వీసును బట్టి జీతం, సర్వీసును బట్టి పదవి అనే పద్ధతి స్థిరపడింది. దేశం పెరుగుతున్నంత కాలం ఆ పద్ధతి అందరికీ మేలే చేసింది. క్రింద చేరే యువకులు ఎక్కువ, పైనున్న పెద్దలు తక్కువ. ఎదుగుతున్న కంపెనీలో కొత్త శాఖలు తెరుస్తారు గనుక ముప్పయి ఏళ్ళకే ఒక శాఖ బాధ్యత చేతికి వచ్చేది. జనాభా తలక్రిందులయ్యాక పరిస్థితి మారింది. పైన పెద్దలు ఎక్కువ, క్రింద యువకులు తక్కువ, కొత్త శాఖలు లేవు. నలభై ఏళ్ళు వచ్చినా పైవారి సంతకం కోసం కాగితాలు మోసేవాడికి వ్యాపారం నడిపే విద్య ఎక్కడ అబ్బుతుంది?

జేమ్స్ లియాంగ్, హుయి వాంగ్, ఎడ్వర్డ్ లాజియర్ అనే ముగ్గురు ఆర్థిక శాస్త్రజ్ఞులు 2018లో ప్రకటించిన ఒక పరిశోధన ఈ విషయాన్నే నిరూపించింది. అనేక దేశాల వివరాలు పోల్చి చూసి వారు చెప్పినదేమంటే, వయసు మళ్ళిన దేశాలలో కొత్త సంస్థలు తక్కువగా పుట్టడానికి వృద్ధుల సంఖ్య పెరగడం ఒక్కటే కారణం కాదు. ఆ దేశాలలో యువకులు సైతం, యువ దేశాల యువకులకన్న తక్కువగా సంస్థలు స్థాపిస్తున్నారు. పైస్థానాలన్నీ నిండి ఉండడం వల్ల నిర్ణయాలు తీసుకునే నేర్పు వారికి అబ్బడం లేదు. నేర్పు అబ్బే నాటికి సాహసపు వయసు దాటిపోతున్నది. ఈ పరిశోధకులలో లియాంగ్ స్వయంగా చైనాలో ఒక పెద్ద ప్రయాణ సేవల కంపెనీని స్థాపించినవారిలో ఒకడు కావడం గమనార్హం.

దీనికి తోడు జపాన్‌లో మరొక ఆచారం ఉన్నది. కంపెనీలు ఏటా ఆ సంవత్సరం చదువు ముగిసేవారిని మూకుమ్మడిగా ముందే ఎంపిక చేసుకొని ఏప్రిల్‌లో చేర్చుకుంటాయి. ఆ తలుపు మనిషి జీవితంలో ఒక్కసారే తెరుచుకుంటుంది. ఆ సమయంలో లోపలికి పోలేనివాడు, పోయి బయటికి వచ్చినవాడు, తిరిగి ఆ గడప తొక్కడం కష్టం. 1990 దశకంలో, 2000 దశకపు తొలి సంవత్సరాలలో చదువు ముగించిన తరం మాంద్యం మూలంగా ఆ తలుపు దగ్గరే ఆగిపోయి, చిన్నా చితకా తాత్కాలిక ఉద్యోగాలతో నడివయసుకు వచ్చింది. దీనిని కళ్ళారా చూసిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఒక పెద్ద కంపెనీలో దొరికిన స్థానాన్ని వదలి సొంత పని పెట్టుకోవడానికి జంకారంటే, అది పిరికితనమా, వివేకమా?

పడ్డవాడు, చెడ్డవాడు

మన తెలుగునాట వ్యాపారంలో చితికిపోయిన మనిషిని గురించి "ఐ.పి. పెట్టాడు" అని గుసగుసలాడుకుంటారు. అది న్యాయస్థానంలో దాఖలు చేసే దివాలా అర్జీకి పెట్టిన పొట్టిపేరు. ఆ రెండక్షరాలు ఒక కుటుంబం మీద ఎన్నేళ్ళ పాటు మచ్చగా నిలిచిపోతాయో మనందరికీ తెలుసు. పిల్లల పెళ్ళి సంబంధాల దగ్గర కూడా ఆ మాట ఎదురుపడుతుంది. జపాన్‌లో ఈ మచ్చ మరింత లోతైనది, ఎందుకంటే దానికి చట్టబద్ధమైన రూపం కూడా ఉండేది. చిన్న కంపెనీకి బ్యాంకు అప్పు ఇవ్వాలంటే కంపెనీ ఆస్తితో పాటు యజమాని స్వంత పూచీకత్తు కూడా అడగడం అక్కడి ఆనవాయితీ. కంపెనీ మునిగితే ఇల్లు మునుగుతుంది. చాలా సందర్భాలలో బంధువులో స్నేహితులో కూడా సంతకం పెట్టవలసి వచ్చేది. ఒక్కడి వ్యాపారం కూలితే నాలుగు కుటుంబాలు కూలేవి.

1998 మొదలు 2011 దాకా జపాన్‌లో ఏటా 30 వేలమందికి పైగా ఆత్మహత్య చేసుకున్నారు. అందులో అప్పులు, జీవనోపాధి సమస్యలు కారణమని పోలీసు శాఖ లెక్కల్లో తేలినవి ఏటా వేల సంఖ్యలో ఉండేవి. ఇంతటి మూల్యం చెల్లించిన సమాజంలో, సొంత వ్యాపారం పెడతానన్న కొడుకును తల్లి వారించిందంటే ఆమెను తప్పుపట్టగలమా?

ఈ అనుభవం నుండి జపాన్ పాఠం నేర్చుకోవడం మొదలుపెట్టింది. 2014 ఫిబ్రవరి నుండి అమలులోకి వచ్చిన మార్గదర్శక సూత్రాల ప్రకారం, లెక్కలు నిజాయితీగా ఉంచిన యజమాని వ్యాపారం మూసివేసినప్పుడు కొంతకాలం బ్రతకడానికి సరిపడే సొమ్మును, ఆడంబరం లేని నివాస గృహాన్ని నిలుపుకొనే వీలు కలిగింది. 2020 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన పౌర చట్ట సవరణ, ఇతరులు వ్యాపార రుణాలకు పూచీ ఉండాలంటే ముందుగా ప్రభుత్వ నోటరీ ఎదుట తమ సమ్మతిని ధ్రువపరచాలని విధించింది. 2023 మార్చి నుండి, కొత్తగా సంస్థ పెట్టేవారికి యజమాని పూచీకత్తు లేకుండానే ప్రభుత్వ హామీతో రుణం ఇచ్చే పథకం వచ్చింది. "పడ్డవాడెప్పుడూ చెడ్డవాడు కాదు" అన్న మన సామెతను వారు ఎరుగకపోవచ్చు. దాని సారాన్ని మాత్రం చట్టంలో వ్రాసుకోవడానికి పూనుకున్నారు.

నిదుర పోతున్న ధనం, జీవచ్ఛవాలైన సంస్థలు

జపాన్ పేద దేశం కాదు. అక్కడి కుటుంబాల చేతిలో ఉన్న ఆర్థిక ఆస్తులు 2,000 లక్షల కోట్ల యెన్‌లకు పైమాటే. అందులో దాదాపు సగం నగదు రూపంలో, బ్యాంకు డిపాజిట్ల రూపంలో కదలక మెదలక పడి ఉన్నది. ఆ సంపదలో అధిక భాగం అరవై దాటినవారిదే. కూర్చొని తింటే కొండలైనా కరుగుతాయన్న భయం వృద్ధులకు సహజం. ఎన్నేళ్ళు బ్రతుకుతామో, ఎవరు చూస్తారో తెలియని మనిషి దాచుకోక ఏం చేస్తాడు? వ్యక్తిగా అతడు చేసినది సబబే. అందరూ అదే పని చేస్తే మాత్రం దేశపు విత్తనాలన్నీ గాదెలోనే ఉండిపోతాయి, పొలం బీడు పడుతుంది.

బ్యాంకులు ఏం చేశాయి? 1990 దశకంలో భూముల ధరలు, షేర్ల ధరలు కుప్పకూలినాక, తిరిగి చెల్లించలేని పాత కంపెనీలకు అప్పు మీద అప్పు ఇస్తూ పోయాయి. మొండి బాకీ అని ఒప్పుకుంటే తమ లెక్కలే తారుమారవుతాయని వాటి భయం. రికార్డో కబలేరో, తకియో హోషి, అనిల్ కశ్యప్ 2008లో ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసం ఇటువంటి జీవచ్ఛవాల వంటి సంస్థలు ఎక్కువగా ఉన్న రంగాలలో ఉద్యోగాల సృష్టి కుంటుపడిందని, ఆరోగ్యంగా ఉన్న సంస్థలు సైతం పెట్టుబడికి వెనుకాడాయని చూపింది. పాతదాన్ని కాపాడడం దయ అనిపిస్తుంది. ఆ దయ ఖర్చును చెల్లించినది ఇంకా పుట్టని సంస్థ, ఇంకా ఉద్యోగం దొరకని కుర్రవాడు.

వృద్ధాప్యం నేరం కాదు

ఇంతవరకు వ్రాసినది చదివి, ఈ వ్యాసం పెద్దలను నిందిస్తున్నదని ఎవరూ అనుకోనక్కరలేదు. సాహసం యువకుల గుత్తసొత్తు కాదు. అమెరికాలో అతివేగంగా ఎదిగిన కొత్త సంస్థలను పరిశీలించి, వాటి స్థాపకుల సగటు వయసు 45 అని పియర్ అజూలే ప్రభృతులు 2020లో తేల్చారు. అనుభవానికి విలువ ఉన్నది.

జపాన్‌లో షికోకు ద్వీపంలో, తోకుషిమా మండలపు కొండల నడుమ కమికత్సు అనే చిన్న ఊరు ఉన్నది. అక్కడి జనంలో సగానికి పైగా వృద్ధులే. 1981 ఫిబ్రవరిలో వచ్చిన తీవ్రమైన చలికి ఆ ఊరికి ఆధారమైన నారింజ జాతి తోటలు ఎండిపోయినాయి. వ్యవసాయ సహకార సంఘంలో పనిచేసే తొమోజి యొకోయిషి అనే యువ సలహాదారు, పట్నాల భోజనశాలల్లో వంటకాల పళ్ళెం ప్రక్కన అలంకారంగా ఉంచే ఆకులు, పూలు ఈ కొండల్లో కావలసినన్ని ఉన్నాయని గ్రహించాడు. 1986లో నలుగురితో పని మొదలైంది. మొదట వారి ఆకులు అమ్ముడు పోలేదు. ఏ వంటకానికి ఏ ఆకు, ఎంత కొలత, ఏ ఋతువులో కావాలో వారికి తెలియదు. యొకోయిషి పెద్ద భోజనశాలలకు తిరిగి ఆ మర్మమంతా నేర్చుకొని వచ్చి ఊరివారికి నేర్పాడు. క్రమంగా ఆ వ్యాపారం ఏడాదికి 20 కోట్ల యెన్‌లకు పైబడింది. డెబ్బయి, ఎనభై ఏళ్ళ అవ్వలు కంప్యూటరు మీద ఆర్డర్లు చూసుకొని తోటలోకి నడుస్తారు. ఒక యువకుని ఊహను పెద్దలు ఆలకించారు, పెద్దల చేతి నేర్పును ఆ యువకుడు గౌరవించాడు. కొత్త సంస్థకు కావలసిన కలయిక ఇదే.

తాళపు చెవి అప్పగించే వేళ

కొత్తవి పుట్టకపోవడం ఒక సమస్య అయితే, ఉన్నవి ఆరిపోవడం మరొకటి. 2025 నాటికి జపాన్ చిన్న, మధ్యతరగతి సంస్థల యజమానులలో సుమారు 24 లక్షల 50 వేలమందికి 70 ఏళ్ళు నిండుతాయని, వారిలో దాదాపు సగం మందికి, అనగా 12 లక్షల 70 వేలమందికి, వారసుడు నిర్ణయం కాలేదని అక్కడి ప్రభుత్వం ముందుగానే హెచ్చరించింది. స్వయంగా మూతపడే సంస్థలలో సగం మేరకు లాభంలో ఉండగానే మూతపడుతున్నవి. పనితనం ఉన్నది, గిరాకీ ఉన్నది, తాళపు చెవి అందుకునే చేయి లేదు.

ఈ చిక్కుకు జపాన్‌లో పాత కాలపు విరుగుడు ఒకటి ఉన్నది. మనకూ అది సుపరిచితమే – ఇల్లరికం. సమర్థుడైన అల్లుణ్ణి ఇంటికి తెచ్చుకొని, తమ ఇంటిపేరు ఇచ్చి, వ్యాపారం అప్పగిస్తారు. మన రోడ్ల మీద మారుతి కారు నడవడానికి కారకుడైన ఒసాము సుజుకీ అటువంటి ఇల్లరికపు అల్లుడే. అతని అసలు ఇంటిపేరు మత్సుదా. 1978లో సుజుకీ కంపెనీ అధ్యక్షుడై, 1982లో మన ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్నాడు. 1983 డిసెంబరులో తొలి మారుతి 800 బయటికి వచ్చింది. ఇతర కంపెనీలు శంకిస్తున్న వేళ భారతదేశాన్ని నమ్మిన సాహసి ఆయన. అయితే ఛైర్మన్ పదవి నుండి ఆయన దిగినది 2021లో, తన 91వ ఏట. ఆయన కుమారుడు అధ్యక్షుడైనది 2015లో.

సోయిచిరో హోండా వేరొక దారి చూపాడు. 1973లో, కంపెనీకి పాతికేళ్ళు నిండిన వేళ, ఆయన, ఆయన భాగస్వామి తకియో ఫుజిసావా ఇద్దరూ ఒకేసారి తప్పుకున్నారు. అప్పటికి హోండా వయసు 66. కంపెనీని అప్పగించినది తన కొడుక్కు కాదు, 45 ఏళ్ళ ఇంజనీరు కియోషి కవషిమాకు. సంస్థను స్థాపించడం ఎంత సాహసమో, సమయానికి వదలిపెట్టడం కూడా అంతే సాహసం. నా ఉద్దేశంలో రెండవదే కష్టతరం.

నేడు జపాన్ ప్రభుత్వం అన్ని మండలాలలోను వ్యాపార వారసత్వ సహాయ కేంద్రాలు నడుపుతున్నది. వారసుడు లేని వృద్ధ యజమానిని, పెట్టుబడి లేని యువకుణ్ణి ఒకచోట కలుపుతున్నది. కంపెనీ స్థాపించడానికి కోటి యెన్‌ల మూలధనం కావాలన్న నిబంధనను 2006లో పూర్తిగా ఎత్తివేసింది. ఒక్క యెన్‌తో కూడా కంపెనీ పెట్టవచ్చు. 2022 నవంబరులో ప్రకటించిన పంచవర్ష ప్రణాళికలో కొత్త సంస్థలలో పెట్టుబడిని 2027 నాటికి ఏటా 10 లక్షల కోట్ల యెన్‌లకు పెంచాలని, లక్ష కొత్త సంస్థలు పుట్టించాలని లక్ష్యాలు పెట్టుకున్నది. సంకల్పం మంచిదే. అయితే చట్టం పెట్టుబడి ఇవ్వగలదు, అప్పు మాఫీ చేయగలదు. ఒక పెద్దమనిషి చేత కుర్చీ ఖాళీ చేయించలేదు. లక్ష సంస్థల లెక్క కాగితం మీద పూర్తయినా, కుర్చీల దగ్గర మార్పు రాకపోతే ఆ సంస్థలు తల్లివేరు లేని మొక్కలవుతాయి.

ఇంత ఆరాటం ఎందుకు, జపాన్ శుభ్రంగా ఉన్నది, సురక్షితంగా ఉన్నది, నిరుద్యోగం స్వల్పం, ఎదుగుదల లేకపోతే నష్టమేమిటని అడిగేవారూ ఉన్నారు. ఆ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. కాని ఆ శుభ్రత, ఆ భద్రత గత తరం కష్టార్జితం. వృద్ధుల పింఛన్లకు, వైద్యానికి, సేవకు సొమ్ము ఏటేటా క్రొత్తగా సంపాదింపబడవలసినదే. తగ్గిపోతున్న చేతులతో పెరుగుతున్న భారం మోయాలంటే కొత్త పద్ధతులు కావాలి. కొత్త పద్ధతులు తెచ్చేది కొత్త సంస్థలే. 2000లో జపాన్ వృద్ధ సేవా బీమా ప్రవేశపెట్టి ఇంటివద్ద సేవ చేసే పనిలోకి ప్రైవేటు సంస్థలను కూడా అనుమతించినప్పుడు, ఎన్నో చిన్న సంస్థలు ముందుకు వచ్చాయి. వృద్ధాప్యమే కొత్త వృత్తులకు తావు ఇవ్వగలదని దీనివలన తెలుస్తున్నది.

మన సంగతి

ఇది దూరదేశపు కథ అని మనం నిశ్చింతగా ఉండడానికి వీలు లేదు. జనాభా నిలకడగా ఉండాలంటే స్త్రీకి సగటున 2.1 సంతానం ఉండాలంటారు. 2005–06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 1.8కి దిగింది. 2019–21 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. ఇద్దరికన్న ఎక్కువ పిల్లలున్నవారు స్థానిక ఎన్నికలలో పోటీ చేయరాదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో రద్దు చేసింది. జపాన్ సంపన్నమైన తరువాత ముసలిదైంది. మనం సంపన్నులం కాకముందే ఆ దారి పట్టినాము. మనకున్న వ్యవధి రెండు మూడు దశాబ్దాలు మాత్రమే.

ఆ వ్యవధిని మన యువకులు ఎలా గడుపుతున్నారు? పట్టా పుచ్చుకున్న అనేకులు గ్రూపు పరీక్షల ప్రకటన కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్నారు. ప్రక్కనే మన పట్టణంలో అచ్చు యంత్రాలు, లేతు పనులు, చర్మం పనులు, దర్జీ పనులు, కళ్ళజోళ్ళ దుకాణాలు నడిపే పెద్దలు అరవై దాటి, పిల్లలు గల్ఫుకో అమెరికాకో పోగా, షట్టరు దించే రోజు లెక్కపెట్టుకుంటున్నారు. వీరికీ వారికీ మధ్య ఒక వీధి దూరం కూడా లేదు. అయినా ఒకరినొకరు ఎరుగరు.

కళాశాల కమిటీ పెద్దలు మన్నిస్తే మూడు విన్నపాలు చేయదలచాను. మొదటిది, విద్యార్థుల పుస్తకాల దుకాణాన్ని గాని క్యాంటీనును గాని ఒక సహకార సంఘంగా విద్యార్థినీ విద్యార్థులకే అప్పగించండి. కొద్దిపాటి మూలధనం ఇవ్వండి. అది నష్టపోతే జరిమానా వేయకండి. దానిని చదువు ఖర్చు క్రింద వ్రాసుకోండి. లెక్కలు మాత్రం దాచకుండా నోటీసు బోర్డు మీద పెట్టాలని షరతు విధించండి. నిజాయితీగా నష్టపోయినవాడికీ మోసం చేసినవాడికీ గల తేడా విద్యార్థి దశలోనే తెలియాలి. రెండవది, వారసులు లేని దుకాణాల, కార్ఖానాల జాబితా తయారుచేసి, ఇష్టపడే విద్యార్థులను మధ్యాహ్నపు వేళల్లో అక్కడ పని నేర్చుకోవడానికి పంపండి. పెట్టుబడి ఒకరిది, కష్టం ఒకరిది అన్న పద్ధతిపై భాగస్వామ్యం మన బజారులో కొత్త కాదు. ఆడపిల్లలను ఈ జాబితా నుండి మినహాయించకండి. కమికత్సు కొండల్లో సిరులు పండించినది స్త్రీలే. మూడవది, తమ కమిటీలోనే ముప్పయి ఏళ్ళలోపు పూర్వ విద్యార్థికి ఒక స్థానం, ఓటుతో సహా, ఇవ్వండి. మూడవదానికి ఒక్క రూపాయి ఖర్చు కాదు. అదే అన్నిటికన్న కష్టమని నాకు తెలుసు.

విద్యార్థి మిత్రులకు కూడా ఒక మాట. కుర్చీ ఖాళీ కాలేదని అలిగి కూర్చోవడం వల్ల ప్రయోజనం లేదు. పెద్దల చేతి పని వారితోనే అంతరించకముందే నేర్చుకోండి. లెక్క వ్రాయడం నేర్చుకోండి, సరకు నాణ్యం పట్టడం నేర్చుకోండి, బాకీ అడగడం, బాకీ తీర్చడం నేర్చుకోండి. అప్పగించదగినవాడు కనబడితే అప్పగించడానికి సిద్ధంగా ఉన్న పెద్దలు మన ఊళ్ళో తక్కువేమీ లేరు. వారు వెదుకుతున్న మనిషి మీరు కావడానికి నేడే పూనుకోండి.